ఎండ ముదిరితే ఎలక్ట్రాన్లు ఎందుకు తగ్గుతాయి?

పూండి రైల్వే స్టేషన్లో దిగి తూర్పుకు వెళితే కొబ్బరి, జీడితోటలు దాటాక సముద్రం వస్తుంది. నువ్వలరేవు, మంచినీళ్లపేట ఊళ్ల నుంచి వేటకెళ్లే ఇంజన్ బోట్లలో ఇప్పుడు చేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రం మామూలైపోయింది. నీటికింద రాళ్లుండి వల చిరిగిన చోటు, చేప బాగా పడిన చోటు అందులో నొక్కి దాచుకుంటారు. అది వాడేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం వస్తుంది. బోటు ఒడ్డున ఇసుకలో ఉంది, ఎవరూ కదపలేదు. అయినా తెరమీద అంకెలు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఎందుకు కనిపిస్తాయి?

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. పక్కనున్న గోడకో, ఇనుప రేకుకో తగిలి వచ్చిన సంకేతం కొంత తికమక పెడుతుంది. ఉపగ్రహంలోని గడియారం రవ్వంత తేడాగా నడుస్తుంది. కానీ ఒకే పౌనఃపున్యాన్ని వినే చవక యంత్రానికి వచ్చే తప్పులో పెద్ద వాటా మనకు సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎలక్ట్రాన్లది. అక్కడ అవి ఎక్కువుంటే తప్పు పెరుగుతుంది, తక్కువుంటే తగ్గుతుంది. గంటగంటకీ మారడమే కాదు, వాటికి ఋతువులు కూడా ఉన్నాయి. ఆ ఋతువులు మన ఋతువులకి సరిపోవు. ఎండలు మండిపోయే నెలల్లో అవి పెరగాలని ఎవరైనా అనుకుంటారు. పూండి మీది ఆకాశంలో జరిగేది దానికి తలకిందులు. ఈ అధ్యాయమంతా ఆ చిక్కు గురించే.

పైన ఉన్నదేమిటి

సూర్యుడి నుంచి వెలుగు, వేడితో పాటు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలూ ఎక్స్ కిరణాలూ వస్తాయి. నేలదాకా రాకుండా వాటిని పై గాలి ఆపేస్తుంది. ఆపే క్రమంలో ఆ గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అలా ఊడిన ఎలక్ట్రాన్లు, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అయాన్లు కలగలిసి ఉండే ప్రాంతాన్ని అయనావరణం అందాం. ఇంగ్లీషులో దాని పేరు అయనోస్ఫియర్. సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున మొదలై వెయ్యి కిలోమీటర్ల దాకా పలచబడుతూ వ్యాపిస్తుంది. బాగా చిక్కగా ఉండేది 250 నుంచి 400 కిలోమీటర్ల మధ్య. చిక్కన అన్నా, అక్కడ కూడా మామూలు అణువులు సుమారు వెయ్యి ఉంటే ఊడిన ఎలక్ట్రాన్ ఒకటి మాత్రమే.

పెద్దవాళ్లకు దీనితో ఎప్పటినుంచో పరిచయం ఉంది, పేరు తెలియదంతే. పగలు విశాఖపట్నం కేంద్రం తప్ప ఇంకేదీ పలకని మీడియం వేవ్ రేడియోలో రాత్రయ్యేసరికి ఎక్కడెక్కడి భాషలో వినిపించేవి. సిలోన్ నుంచి తెలుగు పాటలు షార్ట్ వేవ్ మీద సముద్రం దాటి వచ్చేవి. అయనావరణంలో అన్నిటికంటే కింది పొర పగలు మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గూకగానే ఆ పొర మాయమవుతుంది. అప్పుడు తరంగాలు పై పొరలకు తగిలి వంగి దూరాన మళ్లీ నేలకు దిగుతాయి. 1901 డిసెంబర్ 12న మార్కోనీ ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ అవతలి న్యూఫౌండ్లాండ్‌లో సంకేతం అందుకున్నప్పుడు, గుండ్రటి భూమిని అది ఎలా చుట్టి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. పైన విద్యుత్తును ప్రవహింపజేసే పొర ఉండి ఉంటుందని మరుసటి ఏడాది కెన్నెలీ, హెవిసైడ్ వేర్వేరుగా ఊహించారు. 1924లో ఎడ్వర్డ్ ఆపిల్టన్ ప్రయోగంతో దాన్ని పట్టుకున్నాడు. 1947లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన పేరు మన తీరం ఆకాశానికి సంబంధించి మళ్లీ వస్తుంది.

ఎలా లెక్కపెడతారు

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి సంకేతం అయనావరణాన్ని చీల్చుకుంటూ దిగుతుంది. దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు తగిలితే అంత ఆలస్యం. యంత్రం ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కగడుతుంది కనుక ఉపగ్రహం ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు భ్రమ పడుతుంది.

ఇక్కడొక అదృష్టం ఉంది. తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగం ఎక్కువ ఆలస్యమవుతుంది, ఎక్కువ పౌనఃపున్యం ఉన్నది తక్కువ ఆలస్యమవుతుంది. జీపీఎస్ ఉపగ్రహం 1575.42 మెగాహెర్ట్జ్‌లో ఒక సంకేతం, 1227.60 మెగాహెర్ట్జ్‌లో మరొకటి ఒకేసారి వదులుతుంది. జంటగా బయల్దేరినవి వెనకా ముందుగా చేరతాయి. ఆ ఎడం ఎంతో కొలిస్తే దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో తెలిసిపోతుంది. తప్పు తెచ్చిపెట్టేదే తనను కొలిచే సాధనాన్నీ ఇచ్చింది. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే అందంగా అనిపించే విషయం ఇదే.

లెక్క చెప్పడానికి ఇలా ఊహించుకోవాలి. నేలమీద ఒక చదరపు మీటరు గీసుకుని, దానిమీద నిలువుగా ఉపగ్రహం దాకా ఒక స్తంభం లేపామనుకోండి. ఆ స్తంభంలో ఉన్న ఎలక్ట్రాన్లన్నిటినీ కలిపితే వచ్చేది మొత్తం ఎలక్ట్రాన్ల రాశి. శాస్త్రవేత్తలు పొట్టిగా టెక్ అంటారు. ఒకటి పక్కన పదహారు సున్నాలు పెడితే వచ్చేన్ని ఎలక్ట్రాన్లు ఒక యూనిట్. ఒక్కో యూనిట్‌కీ మామూలు జీపీఎస్ సంకేతంలో 16 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. ఉపగ్రహం నడినెత్తిన కాకుండా దిగంతం దగ్గర ఉంటే సంకేతం ఏటవాలుగా ఎక్కువ దారి నడవాలి కనుక తప్పు మూడింతల దాకా పెరగొచ్చు.

ఈ కొలతల్లో మన పక్కనున్న విశాఖపట్నానికి పెద్ద చరిత్ర ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు బృందం 1950ల్లోనే వాల్తేరు నుంచి అయనావరణ పరిశోధన చేసింది. ప్రపంచమంతా కలిసి భూమిని కొలిచిన 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం నాటికే వాల్తేరు పేరు ఆ రంగంలో వినిపించేది. తర్వాతి తరంలో ప్రొఫెసర్ పి.వి.ఎస్. రామారావు, ఆయన సహచరులు జీపీఎస్ కొలతలను చేపట్టారు. అప్పటికి తిరువనంతపురం నుంచి సిమ్లా దాకా దేశంలో 18 చోట్ల జీపీఎస్ గ్రాహకాలు ఉండేవి. వాటిలో విశాఖపట్నం, హైదరాబాద్ కూడా ఉన్నాయి. 2004 మార్చి నుంచి 2005 జూన్ దాకా పదహారు నెలల కొలతలను వాళ్లు కలిపి చూశారు. అన్ని చోట్లా ఒకేసారి, ఆపకుండా తీసిన కొలతలు మన దేశంలో అవే మొదటివి. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. పూండికీ విశాఖకూ అక్షాంశంలో తేడా దాదాపు ఒక్క డిగ్రీయే. వాళ్లు చూసిన ఆకాశం దాదాపుగా మనదే.

రోజులో ఎలక్ట్రాన్ల రాశి తెల్లవారుజామున అయిదారు గంటల మధ్య అడుగంటుతుందనీ, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య శిఖరానికి చేరుతుందనీ వాళ్లు చూశారు. భూమధ్యరేఖ దగ్గర అది 5 నుంచి 50 యూనిట్ల దాకా పెరిగితే, ఉత్తరాన ఒక మేరలో 90 యూనిట్ల దాకా పెరిగింది. అంటే తెల్లవారుజామున ఒక మీటరున్న తప్పు మధ్యాహ్నానికి పదిహేను మీటర్లవుతుంది. ఇసుకలో ఉన్న బోటు తెరమీద కదలడానికి మూలం ఇక్కడుంది.

ఉగాదికి నిండి, ఆషాఢానికి తగ్గి

అదే పరిశోధనలో ఋతువుల లెక్క కూడా తేలింది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబర్ల చుట్టూ ఉన్న నెలల్లో ఎలక్ట్రాన్లు అత్యధికం. తర్వాతి స్థానం చలికాలానిది. అన్నిటికంటే తక్కువ ఎండాకాలంలో. మన పండగల్లో చెప్పాలంటే ఉగాది దగ్గర ఒక శిఖరం, దసరా దగ్గర ఒక శిఖరం, సంక్రాంతికి మధ్యస్థం, జ్యేష్ఠ ఆషాఢాల్లో అడుగు.

దీనికి ఆశ్చర్యపోవలసిందే. పూండి అక్షాంశం దాదాపు 18.7 డిగ్రీలు. ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ కాళ్లకింద దాక్కునే రోజులు ఏడాదికి రెండే. ఒకటి మే మధ్యలో, ఇంకోటి జూలై చివర్లో. ఈ రెండింటి మధ్య కాలంలో పగళ్లు పొడవు, కిరణాలు దాదాపు నిటారు. ఎలక్ట్రాన్లను పుట్టించడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు. అయినా రాశి తక్కువగా ఉండేది అప్పుడే.

టెక్కలి వైపు ఏదో ఒక చెరువును తలుచుకోండి. చెరువులో నీరెంతుందో ఆ ఏడు పడ్డ వాన ఒక్కటే తేల్చదు. మదుము ఎంత తెరిచి ఉందో చూడాలి. ఎగువ నుంచి గెడ్డ నీరు తెస్తోందా, ఉన్న నీటినే పక్కకు లాక్కుపోతోందా అన్నదీ చూడాలి. వాన దండిగా పడ్డా మదుము బార్లా తెరిచి, గెడ్డ ఎండితే చెరువు నిండదు. అయనావరణంలో సూర్యకిరణాలు వాన లాంటివి. జూన్‌లో వాన బాగానే పడుతుంది. లోటంతా మిగతా రెండింటి దగ్గర ఉంది.

మొదట మదుము సంగతి. ఊడిన ఎలక్ట్రాన్ ఎప్పటికైనా మళ్లీ అయానును చేరుకోవాలి. 300 కిలోమీటర్ల ఎత్తున ఎక్కువగా ఉండేవి ఒంటరి ఆక్సిజన్ పరమాణువులు. వాటి నుంచి పుట్టిన అయాను ఎలక్ట్రాన్‌ను నేరుగా పట్టుకోవడం చాలా అరుదు. దాని పక్కకు రెండేసి పరమాణువుల నైట్రోజన్ అణువు వచ్చిందంటే కథ మారుతుంది. ఆక్సిజన్ అయాను దానితో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అయానుగా మారుతుంది. ఆ కొత్త అయాను ఎలక్ట్రాన్‌ను చప్పున లాక్కుని తటస్థమైపోతుంది. కాబట్టి పై గాలిలో ఒంటరి ఆక్సిజన్ ఎక్కువుంటే మదుము మూసినట్టు, నైట్రోజన్ అణువులు ఎక్కువుంటే తెరిచినట్టు.

వేసవి అర్ధగోళంలో పై గాలి వేడెక్కి ఉబ్బుతుంది. కిందనున్న బరువైన నైట్రోజన్ అణువులను పైకి లాక్కొస్తుంది. అక్కడి నుంచి గాలి చలికాలపు అర్ధగోళం వైపు సాగి, అక్కడ కిందికి దిగుతుంది. దిగే చోట ఒంటరి ఆక్సిజన్ పోగవుతుంది. అంటే మనకు ఎండాకాలమైనప్పుడు మన ఆకాశపు మదుము తెరుచుకుంటుంది. చలికాలంలో కొంత మూసుకుంటుంది. దీనికితోడు భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటివారంలో. ఆ దగ్గరితనం వల్ల జూలైకంటే దాదాపు 7 శాతం ఎక్కువ కిరణాలు అందుతాయి. సంక్రాంతి రోజుల లెక్క జూన్ లెక్కను మించడంలో ఈ రెంటికీ పాత్ర ఉంది.

మరి ఉగాది, దసరా శిఖరాల మాటేమిటి? జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ ఒక ధ్రువం వైపు నుంచి రెండో ధ్రువం వైపుకు గాలి ప్రవాహం భూమి మొత్తాన్నీ కలియబెడుతుంది. కలిసిన గాలిలో తేలికా బరువూ విడివడవు. నైట్రోజన్ పైదాకా వస్తుంది. మార్చి, సెప్టెంబర్లలో రెండు అర్ధగోళాలకూ ఎండ సమానం కనుక ఆ ప్రవాహం సద్దుమణుగుతుంది. బరువైనవి కిందా, తేలికైన ఆక్సిజన్ పైనా చక్కగా సర్దుకుంటాయి. 1998లో ఈ వివరణ ఇచ్చిన టిమ్ ఫుల్లర్-రోవెల్ ఆ కలియబెట్టే ప్రవాహానికి ‘థర్మోస్ఫియర్ చెంచా’, అంటే పై గాలి చెంచా, అని పేరు పెట్టాడు. చెంచా ఆగిన నెలల్లో రెండు అర్ధగోళాల్లోనూ ఎలక్ట్రాన్లు ఎక్కువకాలం బతుకుతాయి.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. మే నెలలో మనకు చెమట పట్టించే ఎండ వేరు, పైన ఎలక్ట్రాన్లను ఊడబెరికే కిరణాలు వేరు. మొదటిది ఏటేటా పెద్దగా మారదు. రెండోది సూర్యుడి మచ్చలతో పాటు సుమారు పదకొండేళ్లకోసారి ఎంతగానో పెరిగి తగ్గుతుంది. 2004-05 మచ్చలు తగ్గిన కాలం. 2024లో సూర్యుడు మళ్లీ శిఖరానికి వచ్చాడు. శిఖరం ఏళ్లలో ఋతువుల క్రమం ఇంచుమించు అలాగే ఉన్నా, లెక్క మొత్తం పెరుగుతుంది.

దక్షిణం నుంచి వచ్చే గెడ్డ

ఇక గెడ్డ. మన తీరానికి ఇదే అసలు కథ.

భూమి ఒక అయస్కాంతం. భూగోళపు నడుమ గీసిన రేఖ ఒకటైతే, అయస్కాంత దిక్సూచి సూది పైకీ కిందికీ వంగకుండా అడ్డంగా నిలబడే రేఖ ఇంకొకటి. దాన్ని అయస్కాంత భూమధ్యరేఖ అంటారు. మన దేశంలో అది దక్షిణపు కొసన పోతుంది. తిరువనంతపురం పక్కనున్న తుంబాను 1963లో రాకెట్ల ప్రయోగానికి ఎంచుకోవడానికి కారణం అదే. ఆ రేఖ మీద పగటిపూట, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, తూర్పుదిక్కుగా ఒక విద్యుత్ ప్రవాహం నడుస్తుంది. అక్కడి విద్యుత్ క్షేత్రం తూర్పుకు, అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉండటంతో ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసి పైకి లేస్తాయి. వందల కిలోమీటర్లు లేచాక బరువుకు మళ్లీ జారతాయి. కానీ తిన్నగా కిందికి పడలేవు. అయస్కాంత రేఖల వెంటే నడవాలి. ఆ రేఖలు కమానుల్లా వంగి ఉత్తరానా దక్షిణానా దిగుతాయి. ఎలక్ట్రాన్లూ అలాగే దిగుతాయి.

దీనివల్ల సూర్యుడు నిటారుగా ఉండే మధ్యరేఖ మీద ఎలక్ట్రాన్లు తగ్గి, రెండు పక్కలా రెండు గట్లలా పోగవుతాయి. 1946లో ఆపిల్టన్ దీన్ని గుర్తించాడు. అందుకే ఆపిల్టన్ విపరీతం అన్న పేరు వచ్చింది. మన దేశంలో ఉత్తరపు గట్టు 15 నుంచి 25 డిగ్రీల అక్షాంశాల మధ్య ఎక్కడో ఒకచోట ఏర్పడుతుందని 2004-05 కొలతలు తేల్చాయి. మధ్యరేఖ మీది విద్యుత్ ప్రవాహం బలంగా ఉన్న రోజు గట్టు ఎత్తుగానూ, మరింత ఉత్తరానా ఉంటుంది. బలహీనంగా ఉన్న రోజు గట్టు దక్షిణానికి జరిగి చిన్నదవుతుంది. 18.7 డిగ్రీల దగ్గరున్న పూండి, పలాస, టెక్కలి ఒక రోజు గట్టు దగ్గర ఉంటాయి, ఇంకో రోజు దాని దక్షిణపు వాలు మీద ఉంటాయి.

ఆ విద్యుత్ ప్రవాహానికి కూడా ఋతువులున్నాయి. మార్చి, సెప్టెంబర్ల చుట్టూ బలం ఎక్కువ, తర్వాత చలికాలం, చివర ఎండాకాలం. ఎలక్ట్రాన్ల రాశి క్రమమూ సరిగ్గా అదే. ఎండాకాలంలో ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే పైగాలులు మనవైపు దిగాల్సిన వాటిని వెనక్కి నెట్టి అవతలి గట్టుకు చేరుస్తాయి కూడా. మచ్చలు తగ్గిన ఆ ఏళ్ల ఎండాకాలంలో ఉత్తరపు గట్టు చెప్పుకోదగ్గంతగా ఏర్పడనే లేదు. వాన ఉంది, మదుము తెరిచి ఉంది, గెడ్డ రాలేదు. జూన్ నెల చిక్కు ఇలా విడిపోతుంది.

యాంత్రిక పడవలకు తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బోట్లు ఒడ్డున ఉండే రెండు నెలల్లోనే పైన లెక్క ఉగాది శిఖరం నుంచి దిగి అడుగుకు చేరుతుంది. వేట తిరిగి మొదలయ్యాక, ఆషాఢం దాటితే మళ్లీ ఎక్కుతుంది.

గట్టు వాలు మీద ఉండటం ఎందుకు ఇబ్బంది

ఆకాశమంతా ఎలక్ట్రాన్లు ఒకే తీరుగా పరుచుకుని ఉంటే జీపీఎస్‌కు అంత కష్టం లేదు. అన్ని ఉపగ్రహాల సంకేతాలూ ఒకే మేరకు ఆలస్యమైతే, యంత్రం దాన్ని చాలావరకు తన గడియారం తేడాగా తీసుకుని సర్దేస్తుంది. సర్దలేనిది వాలు. పూండి నుంచి చూస్తే ఉత్తరాకాశంలో ఒక లెక్క, దక్షిణాకాశంలో వేరే లెక్క. ఆ తేడాయే స్థానాన్ని పక్కకు జరుపుతుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు ఎనిమిది సంఖ్యలతో ఒక సుమారు దిద్దుబాటును పంపుతాయి. దాన్ని జాన్ క్లోబుచార్ రూపొందించాడు. రాత్రికి 5 నానోసెకన్ల స్థిరమైన ఆలస్యం, పగలు రెండు గంటలకు శిఖరం అని అది అనుకుంటుంది. ప్రపంచం మొత్తానికి సగటున సగం తప్పును తీసేస్తుంది. సాధారణ సాధనానికి అది మంచి పనితనమే. కానీ గట్టు ఈ రోజు ఎక్కడుందో అది ఎరగదు.

అందుకే ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి గగన్ వ్యవస్థను కట్టాయి. నేలమీది కేంద్రాలు ఎప్పటికప్పుడు ఎలక్ట్రాన్లను కొలిచి, దిద్దుబాటును భూస్థిర ఉపగ్రహాల ద్వారా అందిస్తాయి. అమెరికా, యూరప్‌లలో ఇలాంటివి ముందే ఉన్నాయి. అక్కడి ఆకాశం నెమ్మదైనది. అయస్కాంత భూమధ్యరేఖ ప్రాంతపు ఆకాశం కింద పనిచేసేలా ధ్రువీకరణ పొందిన మొదటి వ్యవస్థ మాత్రం గగన్. 2013 డిసెంబర్‌లో ఒక స్థాయికి, 2015 ఏప్రిల్‌లో విమానాలు దిగడానికి పనికొచ్చే పై స్థాయికి అనుమతి వచ్చింది. వాల్తేరులో చేసిన కొలతలు ఈ పనికి పునాదిగా నిలిచిన వాటిలో ఉన్నాయని ఉత్తరాంధ్ర పిల్లలకు బళ్లో చెప్పాలి. చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పొద్దు గూకాక

ఎలక్ట్రాన్లు నిండుగా ఉన్న ఋతువుకు ఇంకో బెడద ఉంది. సూర్యాస్తమయం తర్వాత అయనావరణం కింది భాగం త్వరగా కరిగిపోతుంది. పై భాగం చిక్కగానే ఉండి మధ్యరేఖ మీద ఒక్కసారి పైకి ఎగదోయబడుతుంది. బరువైనది మీద, తేలికైనది కింద. ఆ అమరిక నిలవదు. కింది నుంచి ఎలక్ట్రాన్లు లేని ఖాళీ బుడగలు లేచి, అయస్కాంత రేఖల వెంట ఉత్తరదక్షిణాలుగా సాగుతాయి. తిరుపతి దగ్గర గాదంకిలోని రాడార్ వీటిని ఏళ్లుగా చూస్తోంది. ఈ బుడగల గుండా వచ్చే ఉపగ్రహ సంకేతం మినుకుమినుకుమంటుంది. కొన్నిసార్లు యంత్రం ఆ ఉపగ్రహాన్ని పూర్తిగా పోగొట్టుకుంటుంది.

మన దేశం మీద ఇవి ఎక్కువగా పుట్టేదీ మార్చి, సెప్టెంబర్ల చుట్టూనే. అప్పుడు పొద్దు గూకే గీత దాదాపు ఉత్తరదక్షిణంగా, అయస్కాంత రేఖలకు సమాంతరంగా ఉంటుంది. ఒక్కో రేఖ రెండు కొసలూ ఒకేసారి చీకట్లో పడతాయి. బుడగ పుట్టడానికి అంతకంటే అనువు ఉండదు. సూర్యుడి మచ్చలు పెరిగిన ఏళ్లలో రాత్రి ఏడున్నర నుంచి నడిరాత్రి దాకా ఇది తరచు జరుగుతుంది.

మన తీరంలో దసరా రోజులంటే తుఫాన్ల రోజులు కూడా. పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున. ఆ ఏడాది సూర్యుడి మీద మచ్చలు చాలా తక్కువ. బుడగలు అరుదుగా వచ్చే కాలం అది. మచ్చలు నిండిన ఏడాది అక్టోబర్ రాత్రి సముద్రం మీదున్నవాళ్ల సంగతి వేరు. మొబైల్ సిగ్నల్ ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే అందదు. ఆ దూరం అవతలి బోట్లకు తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం అందించడానికి 2019 అక్టోబర్‌లో జెమిని అనే పరికరం వచ్చింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి తెచ్చిన ఆ పరికరం గగన్ ఉపగ్రహం నుంచే మాటను అందుకుంటుంది. ఆ మాట కూడా ఈ అయనావరణం గుండానే దిగాలి.

బుడగలు ఆకాశమంతా కమ్మవు. పాయలు పాయలుగా ఉండి, తూర్పుకు జరుగుతూ పోతాయి. ఒక పాయ చాటున ఒకటి రెండు ఉపగ్రహాలు దాగినా మిగతావి కనిపిస్తాయి. స్థానం తేల్చడానికి యంత్రానికి నాలుగు చాలు. జీపీఎస్ ఒక్కదాన్నే వినే యంత్రం కంటే మన నావిక్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బేడూ ఉపగ్రహాలను కూడా వినే యంత్రానికి ఆ నాలుగు సులువుగా దొరుకుతాయి. రెండు పౌనఃపున్యాలను వినగల యంత్రమైతే వాల్తేరులో చేసిన లెక్కను తానే చేసుకుని, గట్టు ఆ రోజు ఎక్కడున్నా దాని వల్ల వచ్చే తప్పును చాలావరకు తీసేస్తుంది. అలాంటి చిప్పులు ఇప్పుడు కొన్ని మామూలు ఫోన్లలోనే వస్తున్నాయి. కొత్తగా యంత్రం కొనే బోటు యజమాని దుకాణంలో ఈ రెండు సంగతులూ అడిగి కొనాలి.